దుప్పటి మీద యుద్ధం

దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో రాజ్యాంగం పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి నేను. నాలుగు జవాబులిస్తే అందులో మూడు అబద్ధాలనీ, చూడగానే నిజంలా కనిపించేదాన్నే ముందు అనుమానించాలనీ ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పీ చెప్పీ ఆ జబ్బు నాకే అంటుకుంది. కొత్తపేట రైతుబజార్లో వంకాయలమ్మే ఆవిడ అడక్కుండా గుప్పెడు కరివేపాకు వేస్తే, పక్కకెళ్ళి సంచి తెరిచి వంకాయలన్నీ మళ్ళీ చూసుకుంటాను. మెట్రోలో ఎవరైనా లేచి సీటిస్తే, తడిగా ఉందేమోనని చేత్తో తడిమి కూర్చుంటాను. ముందు అనుమానం పుట్టి తర్వాత మీరు పుట్టారు అంటుంది మా ఆవిడ.

అలాంటివాణ్ణి ఒక్క సాయంత్రం జనాన్ని నమ్మాను. ఓ పాత సినిమా చూపిస్తే నవ్వుకుని, సిగ్గుపడి, బుద్ధి తెచ్చుకుంటారనుకున్నాను. నన్ను చూసి మీరు నవ్వినా నాకు అభ్యంతరం లేదు.

మా అపార్టుమెంటు కొత్తపేట నుంచి సరూర్‌నగర్ చెరువు వైపు వెళ్ళే సందుల్లో ఉంటుంది. ఒకే బిల్డరు పక్కపక్కనే కట్టిన రెండు బిల్డింగుల్లో మాది ఒకటి. రెంటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ, ఆ గోడకి ఊచల గేటు. బోరు మా వైపు ఉంది, జనరేటరు వాళ్ళ వైపు ఉంది. మా బిల్డింగులో ఎక్కువమంది మాలాగే కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు, వాళ్ళ బిల్డింగులో ఎక్కువమంది నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. నీళ్ళు అటు వెళ్ళేవి, కరెంటు ఇటు వచ్చేది, కూరగిన్నెలు రెండు వైపులా తిరిగేవి. ఇంత సుఖంగా ఉన్నామేంటా అని నాకు అప్పట్లోనే అనుమానంగా ఉండేది.

ఆ గేటు అందరికంటే ఎక్కువ అవసరమైంది మా అమ్మకి. నాన్న పోయాక అమ్మ మాట తగ్గించేసింది. తుంటి ఆపరేషన్ అయ్యాక వాకరు పట్టుకుని గేటు దాకా వెళ్ళడమే ఆవిడకి పెద్ద ప్రయాణం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ గేటు దాటి పక్క బిల్డింగు పెద్దావిడ వచ్చేది. ఆవిడకీ మోకాళ్ళ నొప్పులే. ఇద్దరూ మా పార్కింగులో కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళు.

"తిన్నవా వదినె?" అనేది ఆవిడ.

"ఇప్పుడే తిన్నాను వదినగారూ, మీరో?" అనేది మా అమ్మ.

"ఏం తినుడో ఏమో. కోడలు చారు జేసింది. గా చారుల ఉప్పు లేదు, కారం లేదు."

"మా కోడలు ఉప్పు మర్చిపోదు, రెండుసార్లు వేస్తుంది."

మా ఆవిడ బాల్కనీలోంచి అంతా వింటూనే ఉండేది గానీ ఏమీ అనేది కాదు. రోజంతా ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషి అక్కడ రెండు గంటలు గలగలా మాట్లాడుతుంటే ఎవరికి మాత్రం అనబుద్ధేస్తుంది? అమ్మకి అనుమానమంటే ఏంటో తెలీదు. పాలవాడు నీళ్ళు కలిపితే "ఎండాకాలం కదరా, గేదెలు నీళ్ళు ఎక్కువ తాగుతాయి" అనే రకం. ఆవిడ కడుపున నేనెలా పుట్టానో తెలీదు.

గొడవ ఓణీల ఫంక్షన్‌తో మొదలైంది. పక్క బిల్డింగు ప్రెసిడెంటు ఆ పెద్దావిడ కొడుకే. లారీలున్న మనిషి, చేయి పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. కూతురి ఓణీల ఫంక్షన్ ఎల్‌బీ నగర్‌లో పెద్ద హాల్లో పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు వచ్చి మా బిల్డింగులో ఇంటింటికీ బొట్టు పెట్టి పిలిచారు. మా ప్రెసిడెంటు గారి ఇల్లు ఆ పూట తాళం వేసి ఉంది. మళ్ళీ వద్దామనుకున్నారట, పనుల్లో పడి మర్చిపోయారట. చివరికి కార్డు ఫోటో తీసి ఆయనకి వాట్సాప్‌లో పంపారు.

మా ప్రెసిడెంటు గారు రిటైరైన ఇంజనీరు. ఇస్త్రీ చొక్కా లేకుండా చెత్తబుట్ట కూడా బయట పెట్టరు. వాళ్ళావిడ "ఫోన్లో పిలిస్తే వెళ్ళడానికి మనం సేల్స్ వాళ్ళమా?" అంది. ఆయన మీటింగు పెట్టి, ఇది తనకి జరిగిన అవమానం కాదనీ, బిల్డింగుకి జరిగిన అవమానమనీ తేల్చారు. బొట్టు పెట్టించుకున్నవాళ్ళు కూడా నుదురు తుడుచుకుని ఆగిపోయారు. మా బిల్డింగు నుంచి ఆ ఫంక్షన్‌కి వెళ్ళింది మా అమ్మా నేనూ మాత్రమే. హాల్లో మా వాళ్ళకోసం వేసిన బల్లలు ఖాళీగా ఉన్నాయి. లారీలాయన వాటివైపు చూడకుండా తిరుగుతున్నాడు. మా అమ్మకి వాళ్ళమ్మ తన చేత్తో వడ్డించింది.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడంలో చదువుకున్నవాళ్ళ తర్వాతే ఎవరైనా. ఆ వారమే మా వైపు నుంచి వాళ్ళకెళ్ళే నీళ్ళ వాల్వు "రిపేరు"లో పడింది. మర్నాడు కరెంటు పోతే జనరేటరు మోగింది గానీ మా లిఫ్టు కదల్లేదు, వాళ్ళ వైపూ ఏదో "రిపేరు". తర్వాత గేటుకి మా వాళ్ళు తాళం వేశారు. మేమే ముందు వేద్దామనుకున్నామని వాళ్ళూ అదే గొలుసుకి ఇంకో తాళం వేశారు. ఎవరి తాళంచెవి వాళ్ళ దగ్గర భద్రంగా ఉంది.

గేటు మూసేస్తే అటు నుంచి ఇటు రావాలంటే సందు చుట్టూ తిరిగి రోడ్డు మీదకి రావాలి. ఆటోలు, బైకులు, స్కూలు వ్యాన్లు. ఆ మోకాళ్ళతో ఆవిడ రాలేదు, ఈ వాకరుతో అమ్మ వెళ్ళలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి అమ్మ వాకరు తోసుకుంటూ గేటు దాకా వెళ్ళి, ఊచలు పట్టుకుని కాసేపు నిలబడి వచ్చేసేది. ఒకోసారి ఆవిడా అటు వచ్చేది. నిలబడి ఎంతసేపు మాట్లాడతారు? మెల్లగా అదీ తగ్గింది. అమ్మ మళ్ళీ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలెట్టింది. నాకు భయమేసింది. నాన్న పోయిన ఏడాది ఆవిణ్ణి ఎలా చూశానో నాకు గుర్తుంది, మళ్ళీ అలా చూడలేను. ఆ గేటు తెరిపించాలి, నాకంతే కావాలి.

నా దగ్గర ఓ పాత నలుపు తెలుపు సినిమా ఉంది. యుద్ధం ప్రకటించే అధికారం ఎవరిది అనే పాఠం చెప్పేటప్పుడు ప్రతి బ్యాచికీ అందులో కాస్త చూపిస్తాను. ఓ చిన్న దేశం, దానికో తిక్క నాయకుడు. పక్క దేశం రాయబారి పొరపాటున తన కుర్చీలో కూర్చున్నాడని యుద్ధం ప్రకటిస్తాడు. సేనాపతి భోంచేస్తుంటే పటం మీద సూపు ఒలుకుతుంది, అది కొత్తగా పుట్టిన నది అనుకుని వంతెన కట్టమని సైన్యాన్ని పంపుతారు. సిపాయిల బూట్ల తాళ్ళు ఒకళ్ళవి ఒకళ్ళకి ముడిపడి ఒక్కడు పడితే వరసంతా పడుతుంది. ఫిరంగి ముందుకి గురిపెడితే వెనక్కి పేలుతుంది. మాటలు అర్థం కాకపోయినా పర్లేదు, పడ్డవాణ్ణి చూసి నవ్వడానికి ఏ భాషా అక్కర్లేదు. పిల్లలు కడుపు పట్టుకుని నవ్వుతారు, ఆ తర్వాత పాఠం మర్చిపోరు. కుర్రాళ్ళకి ఎక్కింది పెద్దలకి ఎందుకెక్కదు అనుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

రెండు బిల్డింగులూ కలిసి చూడాలి. తాళం తీయకుండా కలవాలి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. గేటు మీదుగా తెల్ల దుప్పటి కడితే ఇటువాళ్ళు ఇటు నుంచీ, అటువాళ్ళు అటు నుంచీ చూడొచ్చు. వాళ్ళకి ఎడమ కుడి అవుతుంది, అంతకన్నా నష్టం లేదు. ముందు మా ప్రెసిడెంటు గారి దగ్గరికెళ్ళాను.

"ఎందుకండీ మాస్టారూ ఇప్పుడు సినిమా? మీకేంటి లాభం?" అన్నారు. ఫంక్షన్‌కి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి నేనంటే ఆయనకి కాస్త అనుమానం.

"నాకేం లేదండీ. పక్కవాళ్ళు మాత్రం వద్దంటున్నారు," అన్నాను.

"వాళ్ళెవరండీ వద్దనడానికి? వేసేయండి!"

గోడ మీంచి లారీలాయన్ని పిలిచాను.

"ఏంది సార్, మీ ఇంజనీరు ఏమన్న కొత్త కథ వడుతుండా? సినిమా అంటడు, మల్ల దాని ఎన్క ఏం పెడ్తడో?"

"ఆయనకిష్టం లేదు సార్, వద్దంటున్నారు."

"వద్దంటుండా? అయితే ఎయ్యిన్రి. కుర్చీలు నేనే ఏపిస్త."

కోచింగ్ సెంటర్ నుంచి ప్రొజెక్టరు తెచ్చాను. ఆదివారం చీకటి పడుతుండగా జనం పోగయ్యారు. మా వైపు వాళ్ళు కూర్చునే ముందు ఎవరెవరొచ్చారో లెక్క చూసుకున్నారు. అటు వాళ్ళు దుప్పటికి బొక్కలున్నాయేమోనని వేళ్ళతో చూశారు. మా సెక్రటరీ ప్రొజెక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, అందులో కెమెరా ఏమైనా ఉందా అని నన్ను చెవిలో అడిగాడు. ఇంతమంది కలిసి అనుమానపడుతుంటే నాకు మాత్రం ఎందుకో మనసు తేలికగా ఉంది.

గేటు కింది భాగానికి దుప్పటి అందలేదు. ఆ ఊచల దగ్గర, ఓ చివరన, అమ్మ ఇటు కూర్చుంది, ఆవిడ అటు కూర్చుంది. సినిమా మొదలవకముందే ఆవిడ చెయ్యి ఊచల్లోంచి ఇటు వచ్చింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెడలు పైకెత్తి, ఆ దుప్పటినే రెండు వైపుల నుంచీ చూస్తున్నారు. నేను ప్రొజెక్టరు పక్కనుంచి సినిమా కంటే వాళ్ళనే ఎక్కువ చూశాను.

తిక్క నాయకుడు తెర మీదకి రాగానే మా ప్రెసిడెంటు గారు తొడ చరుచుకున్నారు. "అచ్చం వాడేనండీ! ఆ నడక చూడండి!" అని పక్కాయన చెవిలో అంటూ గోడ అవతలికి గడ్డం చూపించారు. గోడ అవతల్నుంచి లారీలాయన గొంతు ఇంకా గట్టిగా వినిపించింది. "అరే, ఇంజనీరే దిగిండు రా తెర మీద! గా మీసం ఒక్కటే తక్కువ!" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారని సామెత. మా దగ్గర ఒక్కడు కూడా తన భుజం తడుముకోలేదు, అందరూ పక్కవాడి భుజం మీద బూడిద వెతికారు.

సిపాయిలు వరసగా పడే చోట లారీలాయన నవ్వీ నవ్వీ వెనక్కి వాలాడు. ప్లాస్టిక్ కుర్చీ కాలు వంగిపోయింది. మనిషి కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. తెర మీద సిపాయిలు, తెర కింద ఆయన, ఒకేసారి. దెబ్బేం తగల్లేదు, పడి కూడా నవ్వుతూనే ఉన్నాడు. "నవ్వి నవ్వి పడ్డడు సూడు నా కొడుకు!" అని వాళ్ళమ్మే అందరికంటే ముందు నవ్వింది. మా అమ్మ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. సిపాయిలు లేవబోయి మళ్ళీ పడుతుంటే నోరంతా తెరిచి నవ్వుతోంది. నాన్న పోయాక ఆ నవ్వు నేను చూడలేదు. నాకు కళ్ళు చెమర్చాయి, ఎవరైనా చూస్తారేమోనని ప్రొజెక్టరు వైరు సర్దాను.

సినిమా అయిపోయాక మా ప్రెసిడెంటు గారు నా చెయ్యి ఊపేశారు. "భలే పెట్టారు మాస్టారూ వాడికి! మీరు అటు వైపనుకున్నాను, క్షమించాలి. ఆ తిక్కవాడి ముక్క కాస్త నాకు పంపండి, గ్రూపులో పెడతాను." నేను నోరు తెరిచేలోపు గోడ మీంచి లారీలాయన తల కనిపించింది. "సార్, కిరాక్! మా దిక్కే ఉన్నవని నాకెరుకే. జర గా బిట్టు నాకు గూడ గొట్టున్రి." గేటు సంగతి ఎత్తాను. గెలిచినవాడు తాళం ఎందుకు తీస్తాడన్నట్టు ఇద్దరూ నావైపు చూశారు.

నేనేం పంపలేదు. కానీ అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి కదా. రెండు రోజుల్లో రెండు గ్రూపుల్లోనూ ఆ తిక్క నాయకుడే తిరిగాడు. ఓ గ్రూపులో కింద ఇంజనీరు గారి పేరు, ఇంకో గ్రూపులో లారీలాయన పేరు. ఒకే మొహం, ఒకే టోపీ.

ఆ తర్వాత ఇంకో వీడియో వచ్చింది. వాళ్ళ వైపు నుంచి, గేటు దగ్గర్నుంచి, ఎవరో తీశారు. అందులో సినిమా లేదు. దుప్పటి అంచు, కుర్చీతో సహా పడుతున్న లారీలాయన, వెంటనే ఊచల వెనక నోరు తెరిచి నవ్వుతున్న మా అమ్మ. "మా పెద్దమనిషి పడ్తే వాళ్లకెంత సంబురమో సూడున్రి" అని కింద రాశారు. అది వాళ్ళ గ్రూపులోంచి మా గ్రూపుకి వచ్చింది. మా వాళ్ళు దాని కింద చప్పట్లు పెట్టారు. అది చూసి వాళ్ళకి ఇంకా మండింది.

అది సినిమాకి నవ్విన నవ్వని నేను రెండు వైపులా చెప్పాను. "మీరు సంధి కుదర్చబోతున్నట్టున్నారే," అని మావాళ్ళు కన్నుకొట్టారు. "నువ్వు మీ అమ్మను ఎనకేసుకొస్తవ్ సార్, తప్పుగాదు," అన్నాడు లారీలాయన. మొహం అటు తిప్పుకునే అన్నాడు. కిందపడ్డందుకు కాదు ఆయన బాధ, మా అమ్మ నవ్విందని. నేను కాక మా బిల్డింగు నుంచి ఓణీల ఫంక్షన్‌కి వచ్చింది అమ్మ ఒక్కతే కదా.

వీడియో అమ్మకి చూపించొద్దని మా ఆవిడతో చెప్పాను. ఎవరో పైఫ్లోరు ఆవిడ పనిగట్టుకుని వచ్చి చూపించి వెళ్ళింది. అమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని, మళ్ళీ వెయ్యమని చూసింది.

"ఇది ఆవిడ కూర్చున్న పక్క నుంచే తీశార్రా," అంది.

"ఎవరో కుర్రకుంకలు తీసుంటారమ్మా, ఆవిడకి తెలీదు."

"తీసేటప్పుడు తెలీకపోవచ్చు. తర్వాత తెలిసుంటుంది కదా. నేను సినిమాకి నవ్వానని ఆవిడకి తెలుసు. ఆవిడా నవ్వింది. ఒక్క మాట చెప్పొచ్చుగా వాళ్ళ వాళ్ళకి?"

"చెప్పిందేమో, వినలేదేమో."

"ఏమోలే," అంది. అమ్మ నోట ఆ మాట ఆ స్వరంలో నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు నుంచి గేటు దాకా వెళ్ళడం మానేసింది. మధ్యాహ్నాలు ఇంట్లో ఫ్యాను చప్పుడు వినిపించేది.

ఎండలు ముదిరాక మా బోరు మోటారు కాలింది. రోజూ కరెంటు పోవడం మొదలైంది. టాంకరు లోపలికి రావాలంటే వాళ్ళ వైపు నుంచే దారి, మోటారు బాగయ్యాక వాళ్ళకీ నీళ్ళు కావాలి, మాకు లిఫ్టు నడవాలి. బుద్ధి చెప్పినా రానిది ఎండ వస్తే వచ్చింది. ప్రెసిడెంట్లిద్దరూ దిల్‌సుఖ్‌నగర్ ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ఫోటో దిగి రెండు గ్రూపుల్లోనూ పెట్టారు. ఇద్దరి నవ్వూ నాకు నకిలీగానే అనిపించింది, అయితే నాకేం, తాళాలు రెండూ తీశారు. ఆ పూట నేను క్లాసు మానేసి ఇంటికి పరిగెత్తాను.

"అమ్మా, గేటు తీశారే! లే, చెప్పులేసుకో," అన్నాను.

అమ్మ లేవలేదు. గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

అప్పుడే బెల్లు మోగింది. తలుపు సందులోంచి చూశాను. పెద్దావిడే. మోకాళ్ళు పట్టుకుని, లిఫ్టు ఇంకా నడవక మెట్లెక్కి వచ్చి, గోడకి చెయ్యి ఆనించి ఆయాసపడుతోంది. ఇంకో చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది. "వదినె, నేనే! తలుపు తియ్యిన్రి," అని పిలిచింది. నాకు సంతోషం ఆగలేదు. గడియ మీద చెయ్యి వేశాను.

"ఆగరా," అంది అమ్మ వెనక నుంచి. మంచం మీద లేచి కూర్చుంది. గొంతు బాగా తగ్గించి, నావైపు కాకుండా తలుపువైపు చూస్తూ అడిగింది.

"ఎవరు పంపార్రా ఆవిణ్ణి?"

తలుపు అవతల ఆవిడ ఒక్కొక్క చెప్పే విప్పుతోంది.